బయటి తలుపు

ఆవకాయ సీసా లేదు.

సత్యం మాస్టారు బియ్యం బస్తా జరిపి చూశాడు. కందిపప్పు డబ్బా వెనక చూశాడు. గోడకి తగిలించిన కోటు జేబులు కూడా తడిమాడు. రెండు కిలోల హార్లిక్స్ సీసా కోటు జేబులో పట్టదని ఆయనకి తెలుసు, అయినా తడిమాడు. మూత మీద భార్య శశికళ స్కెచ్ పెన్నుతో "ఆవకాయ – మే" అని రాసిన సీసా. అమెరికాకి ఆ చివర ఆష్‌బర్న్‌లో తమ్ముడింట్లో కూర్చుని, ఇండియన్ స్టోర్ మామిడికాయలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరి పెట్టిన ఆవకాయ అది. మూడు విమానాలు మారి ఇక్కడిదాకా వచ్చింది. నిన్నటిదాకా ఈ మూలనే ఉంది.

"దొంగ వెధవలు," అన్నాడు పైకే. వినేవాళ్ళు లేరు కనక ఇంకోసారి కూడా అన్నాడు.

ఆ ఇంటికి రెండు తలుపులు. బయటి తలుపు తీస్తే రెండు మంచాలు పట్టేంత గది. దాన్ని అక్కడివాళ్ళు కనిచక్ అంటారు. అందులో హీటర్ ఉండదు. బూట్లూ, కోట్లూ, మంచు తీసే పారా, చల్లగా ఉంచాల్సిన సరుకులూ అన్నీ అక్కడే. లోపలి తలుపు తీస్తే అసలు ఇల్లు. ఊళ్ళో ప్రతి ఇంటికీ అదే వరస. అలాస్కాకి ఉత్తరాన సముద్రంలో, మోకాలెత్తు మొక్క కూడా మొలవని గులకరాళ్ళ దీవి అది. రెండువందల యాభై మంది జనం, ఒక బడి, ఒక రన్‌వే. అక్టోబరులో సముద్రం జావలా చిక్కబడుతుంది గానీ గడ్డ కట్టదు. అది గడ్డ కట్టేదాకా తెల్ల ఎలుగుబంట్లు ఒడ్డునే తచ్చాడుతుంటాయి. సెప్టెంబరులో పట్టిన తిమింగలాల ఎముకలు రన్‌వే చివర కుప్ప పోసి ఉంటాయి కదా, వాటికి అదే సంతర్పణ. అక్కడితో ఆగేవి కొన్ని, ఊళ్ళోకి వచ్చేవి కొన్ని.

ఆగస్టులో మాస్టారు విమానం దిగిన రోజున ఈ ఇంటి తాళంచెవి చేతికిచ్చింది ఎడ్నా. బడిలో ఆయన క్లాసుకి సహాయకురాలు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పిల్లలంతా ఆమెని ఆకా అంటారు, అంటే అమ్మమ్మ అని.

"లోపలి తలుపుకి తాళం వేసుకో, నీ ఇష్టం," అంది ఆ రోజు. "బయటి తలుపుకి మాత్రం ఎప్పుడూ వెయ్యకు. బయటి తలుపు నీది కాదు."

"నాది కాకపోతే ఎవరిది?" అన్నాడు మాస్టారు నవ్వుతూ.

"దారిలో ఎవరుంటే వాళ్ళది. ఎలుగుబంటి వెంటపడితే మనిషికి దగ్గరున్న తలుపే తలుపు. ఇక్కడ ఎవరూ తలుపు కొట్టరు టీచర్, తోసుకుని వస్తారు. కొట్టేది పోలీసులూ, మతం చెప్పడానికొచ్చేవాళ్ళూ."

బుర్ర ఊపాడు మాస్టారు. ఊపాడే గానీ ఆ మాట లోపలికి దిగలేదు. విజయవాడలో గేటుకి తాళం, గ్రిల్లుకి తాళం, తలుపుకి తాళం వేసి, మూడూ మూడేసిసార్లు లాగి చూసి, రిక్షా ఎక్కాక దిగి వెనక్కొచ్చి నాలుగోసారి లాగిన మనిషి ఆయన. ఈ ఊళ్ళో పిల్లలు గడప తొక్కుకుంటూ వచ్చి, బూట్లు విడిచి, సోఫాలో కూర్చుని, మాట్లాడకుండా ఓ గంట వెచ్చబడి వెళ్ళిపోతుంటే ఆయనకి ఒళ్ళు మండేది. పైకి మాత్రం "రండి, రండి" అనేవాడు.

ఆ సాయంత్రం ఫోనులో దామోదర్‌కి చెప్పుకున్నాడు. దామోదర్ శశికళ తమ్ముడు.

"చూశావా బావా, నేను ఆగస్టులోనే చెప్పానా లేదా? నేను పంపిన బోల్ట్ ఏం చేశావ్? ఇంకా బాక్స్‌లోనే పెట్టుకు కూర్చున్నావా?"

"ఇక్కడ బయటి తలుపుకి వెయ్యకూడదంటార్రా."

"వాళ్ళేమంటే నీకెందుకు బావా? లోపలి వైపు ఫిక్స్ చేసుకో, బయటికి ఎవడికి కనపడుతుంది? మా కమ్యూనిటీలో చూడు, ఫ్రంట్ డోర్‌కి కెమెరా, బ్యాక్ డోర్‌కి కెమెరా. నువ్వేమో ఎవడొచ్చినా కాఫీ పెట్టేలా ఉన్నావ్. ఇవాళ పికిల్ పోయింది, రేపు లాప్‌టాప్ పోతుంది."

వెనకనుంచి శశికళ గొంతు వినపడింది. "సీసా మొత్తం పోయిందిటరా? అయ్యో, ఆయన అన్నం ఎలా తింటారు?"

ఆ మాటతో మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఫోను పెట్టేసి, అట్టపెట్టె చింపి గడియ బయటికి తీశాడు. బెత్తెడు పొడుగు ఇనుప గడియ, నాలుగు మరలు. పెన్సిలుతో గుర్తులు పెట్టాడు, స్కేలుతో రెండుసార్లు కొలిచాడు, ఒక్కో మరా బిగించి చివర్న అరచెయ్యి నొప్పెట్టేలా ఇంకో చుట్టు తిప్పాడు. గడియ వేసి మూడుసార్లు లాగి చూశాడు. తలుపు కదల్లేదు. ఈ దీవికి వచ్చాక మొదటిసారి ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్ర పట్టింది.

శుక్రవారం బడిలో భిన్నాలు చెప్పాల్సిన పిరియడ్‌లో మాస్టారు నీతిపాఠం అందుకున్నాడు. ఎనిమిదిమంది పిల్లలు, వెనక బల్ల దగ్గర ఎడ్నా. ఆమె చేతిలో పెన్సిళ్ళు చెక్కే మర.

"ఒకరి వస్తువు అడక్కుండా తీసుకోవడాన్ని ఏమంటారు?" అన్నాడు.

కైలా అనే పదేళ్ళ పిల్ల కిటికీలోంచి చూస్తోంది.

"నేను ఎవర్నీ అనడం లేదు. కానీ మా ఇంట్లోంచి ఒక సీసా పోయింది. అది మా ఆవిడ చేతి వంట. తీసుకున్నవాళ్ళు తెచ్చి పెట్టేస్తే నేనేమీ అడగను. దొంగతనం చిన్నదైనా దొంగతనమే. ఇవాళ సీసా తీసిన చెయ్యి రేపు ఇంకోటి తీస్తుంది."

మర తిరిగే చప్పుడు ఆగిపోయింది. ఎడ్నా చేతిలోని పెన్సిలు సగం చెక్కినదల్లా అలాగే ఉండిపోయింది. మాస్టారు అటు చూడనేలేదు. బోర్డు మీద మూడింట రెండు అని వేసి, దాన్ని ఆరింట నాలుగు చేసే పనిలో పడ్డాడు.

ఆయన మరిచిపోయాడు గానీ, సంగతి ఇదీ. సెప్టెంబరులో తిమింగలం పడ్డప్పుడు ఊళ్ళో ఇంటింటికీ వాటా వచ్చింది. మాస్టారి గుమ్మంలోకి కూడా తోలూ కొవ్వూ కలిసిన ముక్కలు ఒక బకెట్టు వచ్చాయి. ఆయన ముక్కు మూసుకుని, బకెట్టు బకెట్టూ ఎడ్నాకి ఇచ్చేశాడు. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ రోజే ఆమెకి వేడన్నంలో ఆవకాయ కలిపి పెట్టాడు. ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకుంది. మాస్టారు పొంగిపోయి, "ఎడ్నా గారూ, ఇది మీ ఇల్లే అనుకోండి. ఏం కావాలన్నా మొహమాటం లేకుండా తీసుకెళ్ళండి," అన్నాడు. మనవాళ్ళు ఎవరైనా అనే మాటే. విన్నవాళ్ళు "అయ్యో, ఎంతమాట" అని నవ్వేసి వెళ్ళిపోతారు. ఎడ్నా నవ్వలేదు. ఆయన కళ్ళలోకి చూసి కనుబొమలు పైకెత్తింది. ఆ దీవిలో కనుబొమలెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని. ఇచ్చినమాట ఇచ్చినట్టే ఆమె తీసుకుంది.

గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. ఎడ్నా ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చెవుల దగ్గర ఎర్రబడి ఉంది. ఏదో చెప్పబోయి తలుపు వైపు చూసింది. అక్కడ కైలా కోటు జిప్పు పెట్టుకుంటూ నిలబడి ఉంది.

"రేపు మీ ఇంటికి వస్తాను టీచర్," అంది ఎడ్నా.

"రండి, రండి. తప్పకుండా రండి," అన్నాడు మాస్టారు, పేపర్లు సర్దుకుంటూ. నిమిషంలో ఆ మాట కూడా మరిచిపోయాడు.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి పొయ్యి మీద కుక్కరు ఉంది, పప్పూ అన్నం. రెండు విజిల్స్ వచ్చాయి. బయట పొగమంచు దిగి, ఎదురింటి మెట్లు కూడా సరిగ్గా కనపడ్డం లేదు. మాస్టారు ఉల్లిపాయ తరుగుతున్నాడు. అప్పుడు బయటి తలుపు మీద ఎవరో కొట్టారు.

మూడు దెబ్బలు. గడియ గడగడలాడింది.

మాస్టారి చెయ్యి ఆగింది. శనివారం వచ్చేది పిల్లలే. తలుపు తెరిస్తే సోఫా నిండిపోతుంది, సాయంత్రం దాకా కదలరు, పైగా గడియ ఎందుకు పెట్టావని అడుగుతారు. రేపు ఊరంతా అదే మాట. లేనట్టు ఊరుకుంటే వాళ్ళే పోతారనుకున్నాడు. కత్తి చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు. మూడో విజిల్ మొదలైంది, చెయ్యి చాచి మంట తగ్గించాడు.

మళ్ళీ మూడు దెబ్బలు. "టీచర్!" అని ఓ కేక, రెండు తలుపుల అవతల్నుంచి. ఆడగొంతో, పిల్లల గొంతో తెలియలేదు. మాస్టారు ఊపిరి బిగపట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ ఎవరూ తలుపు కొట్టరని, తోసుకుని వస్తారని ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. తోస్తే తెరుచుకోని తలుపునే మనిషి కొడతాడు కదా. అదీ తట్టలేదు.

తర్వాత విన్న చప్పుడు ఆయన మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. మనిషి గొంతులోంచి అలాంటిది వస్తుందని ఆయన అనుకోలేదు. దాని వెనకే ట్రక్కు హారను, ఎలుగుబంట్లని బెదరగొట్టే టపాకాయ తూటా పేలిన చప్పుడు, ఆపైన అసలు తుపాకీ రెండుసార్లు.

ఎలా వెళ్ళాడో కనిచక్‌లోకి వెళ్ళాడు, గడియ లాగాడు. అది ఒక పట్టాన రాలేదు. తలుపు తెరిస్తే మెట్ల కింద మంచులో ఎడ్నా పక్కకి తిరిగి పడి ఉంది. కోటు వీపు చీరుకుపోయి, తెల్లటి దూది బయటికొచ్చి, ఆ దూది ఎర్రబడుతోంది. పది గజాల అవతల ఎలుగుబంటి కూలబడి ఉంది, ఇంకా ఊపిరి తీస్తోంది. రైఫిలు పారేసి వాలెస్ పరుగున వచ్చాడు. ఎడ్నా కొడుకే, ఊరికి ఎలుగుబంట్ల కాపలాదారు. ట్రక్కు వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా తిరిగి, ఊళ్ళోకి వచ్చేవాటిని తోలడం అతని ఉద్యోగం.

"అమ్మా! అమ్మా!" అంటూ ఆమె మీదికి వంగాడు. తల ఎత్తి ఒక్కసారి మాస్టారి వైపు చూశాడు, బార్లా తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

"దుప్పటి!" అని అరిచాడు.

మాస్టారు శశికళ పంపిన ఉన్ని దుప్పటి తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెని ట్రక్కు ఎక్కించారు. ఎడ్నా కళ్ళు తెరిచే ఉన్నాయి. మాస్టారి మొహం మీదే నిలిచాయి.

ఇంట్లోకొచ్చాక మాస్టారు చేసిన మొదటి పని ఇది. స్క్రూడ్రైవరు తీసుకుని నాలుగు మరలూ విప్పాడు. గడియని పాత సాక్సులో చుట్టి సూట్‌కేసు అడుక్కి తోశాడు. తలుపు చెక్కలో నాలుగు చిల్లులు నల్లగా కనపడ్డాయి. వాటిలో టూత్‌పేస్టు కూరి, వేలితో సాపు చేశాడు. తెల్ల రంగు తలుపే కావడం ఆయన అదృష్టమనుకున్నాడు. అలా అనుకున్నాక సింకు దగ్గరికి వెళ్ళి, ఆ వేలు సబ్బుతో మూడుసార్లు కడిగాడు.

ఊళ్ళో ఉన్నది నర్సు ఒక్కతే. యాంకరేజ్‌ నుంచి అంబులెన్సు విమానం రావాలి. పొగమంచు వల్ల ఆ పూట దిగలేకపోయింది. మర్నాడు పొద్దున్న ఒకసారి దీవి మీద చుట్టు తిరిగి వెనక్కి పోయింది. ఆ ఇంజను మోత ఊరంతా బయట నిలబడి విన్నారు. మధ్యాహ్నానికి మంచు విడితే అప్పుడు దిగింది. వాలెస్ తల్లితోపాటు ఎక్కాడు. సోమవారం ఉదయం ఆమె పోయిందని కబురు వచ్చింది.

ఆ రెండు రోజులూ మాస్టారింటికి మనుషులు వస్తూనే ఉన్నారు. బయటి తలుపు తోసుకుని, బూట్లు విడిచి, లోపలి తలుపు తీసుకుని. ఒకామె చేపల పులుసు తెచ్చింది. ఒకాయన మాట్లాడకుండా గంట కూర్చుని వెళ్ళాడు. "నీ కళ్ళముందే జరిగింది కదా, పాపం," అంది పక్కింటావిడ, ఆయన భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి వేసినచోట కాలినట్టయింది మాస్టారికి.

"ఒకటే అర్థం కావట్లేదు," అంది ఆవిడే. "మెట్ల దాకా వచ్చిందిగా. తలుపు ఎందుకు తోసుకోలేదు?"

"ఏమో," అన్నాడు మాస్టారు.

దామోదర్‌కి ఫోను చేసి అంతా చెప్పాడు. దామోదర్ గొంతు తగ్గించాడు.

"బావా, ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"లేదురా. చెప్పాలిరా. ఆమె కొడుకు తన వల్లే అనుకుంటున్నాడు. లేటుగా వచ్చానని గోడకేసి తల బాదుకున్నాట్ట."

"పిచ్చి పిచ్చిగా మాట్లాడకు. దీన్ని లయబిలిటీ అంటారు ఇక్కడ. నీ వీసా స్పాన్సర్‌కి తెలిసిందంటే నెక్స్ట్ ఫ్లైట్ ఎక్కిస్తారు. అక్క నీ మీద డిపెండెంట్, అది గుర్తుందా? నువ్వేమన్నా కరిచావా, పొడిచావా? ఎలుగుబంటి చేసినదానికి నువ్వేంటి మధ్యలో? బోల్ట్ తీసేశావుగా?"

"తీసేశాను."

"అయితే బోల్ట్ లేదు. ఎప్పుడూ లేదు. అంతే."

అంత తేలిగ్గా అనేశాడు. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ మాట విని మాస్టారికి కాస్త నెమ్మదించింది. ఆ పూట అన్నం కూడా తిన్నాడు.

శవపేటికతోపాటు వాలెస్ బుధవారం దిగాడు. గురువారం బడి వదిలాక ఊరి హాల్లో సమావేశం పెట్టారు. మనిషి పోతే కాపలా ఎక్కడ తప్పిందో తేల్చాలి, అది అక్కడి రివాజు. బల్ల వెనక పెద్దాయన హెర్మన్, ఎనభై ఏళ్ళవాడు, ఆయనకి అటూ ఇటూ మరో నలుగురు. హాలు నిండా జనం. వాలెస్ ముందు వరసలో, ట్రక్కు తాళాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారిని అతని పక్కనే కూర్చోబెట్టారు.

"పన్నెండున్నరకి నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు హెర్మన్.

"ఎముకల కుప్ప దగ్గర," అన్నాడు వాలెస్. "పిల్లల తల్లి ఒకటి ఊరివైపు మళ్ళితే దాన్ని తోలుతున్నాను. ఇది ఇంకో వైపునించి వచ్చింది. మంచులో చూడలేదు."

"టీచర్, నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఏం విన్నావు?"

మాస్టారు లేచాడు. పక్కనించి వాలెస్ తల పైకెత్తి తననే చూస్తున్నాడని తెలుస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఏదో వింటానికి సిద్ధపడిన మనిషి చూపు.

"వంటింట్లో ఉన్నాను," అన్నాడు మాస్టారు. "తుపాకీ చప్పుడు విని బయటికి వచ్చాను. అప్పటికే ఆమె మెట్ల కింద ఉంది."

"తలుపు?" అన్నాడు హెర్మన్. "నీ బయటి తలుపు?"

హాల్లో ఎవరో దగ్గారు. చెప్పెయ్ అన్నాడు లోపలి మనిషి ఒకడు. చెప్పేస్తే పీడా పోతుంది. నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా రెండువందల మొహాలు, ఎడ్నా మొహం పోలికలున్న మొహాలు.

"తీసే ఉంది," అన్నాడు. "ఎప్పుడూ తీసే ఉంటుంది. ఆమె తలుపు దాకా రాలేకపోయింది."

వాలెస్ చూపు దించుకున్నాడు. మోకాలి మీది తాళాల గుత్తిని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు.

హెర్మన్ వాలెస్‌ని అడిగాడు, "అయితే తప్పు కాపలాదేనా?"

వాలెస్ కనుబొమలు పైకెత్తాడు.

లేచి వెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టాడు. రైఫిలు కూడా అప్పగించమన్నారు. గోడ పక్కనున్నదాన్ని తెచ్చి, గుండు లేదని తెరిచి చూపించి, తాళాల పక్కన అడ్డంగా పెట్టాడు. పదకొండేళ్ళు చేసిన పని, పది నిమిషాల్లో అయిపోయింది. ముందు వరసలో ఒకావిడ అతని దారికి కాళ్ళు అడ్డం తియ్యకుండా కూర్చుంది. అతను చుట్టు తిరిగి బయటికి వెళ్ళాడు.

మాస్టారు తలదించుకుని తన చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. గట్టెక్కాననిపించింది. ఆ అనిపించడం చూసి తనమీద తనకే అసహ్యం వేసింది. రెండూ ఒక్కసారే.

శుక్రవారం అంత్యక్రియలు. గడ్డకట్టిన నేలని డ్రిల్లుతో తవ్వారు. తర్వాత హాల్లో భోజనం. పరాయిచోటు నుంచి వచ్చినవాడు, చివరిసారి ఆమెకి దుప్పటి కప్పినవాడు అని, మాస్టారికి మొదటి పళ్ళెం పెట్టారు. వాలెస్ ఓ మూల ఒక్కడూ నిలబడి కాఫీ తాగాడు. అతని దగ్గరికి ఎవరూ పోలేదు. కైలా మాత్రం వెళ్ళి, కాసేపు అతని పక్కన నిలబడి వచ్చింది.

మర్నాడు శనివారం. మాస్టారు కుక్కరు పెట్టాడు. తినాలని కాదు, ఆ వేళకి చేతులు ఆ పనే చేశాయి. మొదటి విజిల్ వచ్చింది. కనిచక్‌లో అడుగుల చప్పుడైంది. బయటి తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. ఇక లోపలి తలుపు తెరుచుకుంటుందని చూశాడు. తెరుచుకోలేదు.

మూడు దెబ్బలు పడ్డాయి.

కాసేపు ఆగి, మళ్ళీ మూడు దెబ్బలు, ముందరివంత బలంగా, ముందరివంత ఎడంగా. ఆయన వెళ్ళి తలుపు తీశాడు.

వాలెస్ నిలబడి ఉన్నాడు, చంకలో హార్లిక్స్ సీసాతో. మూత మీద శశికళ అక్షరాలు. సీసా కడిగి, తుడిచి, తళతళలాడుతోంది. దాన్నిండా నారింజ రంగు పళ్ళు, రేగుపళ్ళంత. ఆగస్టులో దీవికి అవతలి గడ్డ మీద వంగి వంగి ఏరేవి.

"ఇది నీదే," అన్నాడు. "ఆ రోజు అమ్మ కోటు లోపల పెట్టుకుంది. నీకు తిరిగి ఇవ్వడానికే వస్తోంది. క్లాసులో నువ్వన్న మాట విని ఇంటికొచ్చి ఏడ్చింది. నువ్వే తీసుకోమన్నావట కదా?"

ఇది మీ ఇల్లే అనుకోండి. ఆ మాట తన గొంతుతోనే చెవిలో వినపడింది.

"అప్పుడు నింపిన పళ్ళు చితికిపోయాయి. ఇవి మా ఫ్రీజర్లోవి. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదంటుంది అమ్మ."

తన తల్లీ ఆ మాటే అనేది, అమ్మలక్కలందరూ అనేదీ ఆ మాటే. మాస్టారు రెండు చేతులూ చాచి సీసా అందుకున్నాడు. మంచులా చల్లగా ఉంది.

వాలెస్ వెనక్కి తిరిగి బయటి తలుపు లోపలి వైపు చూశాడు. చేతి తొడుగు తీసి, చూపుడువేలితో తెల్లటి చుక్కలు నాలుగూ ఒక్కొక్కటే తాకాడు. ఎండిన టూత్‌పేస్టు పొడిగా రాలింది. వేలు వాసన చూసుకున్నాడు.

"విమానంలో అమ్మ తెలివిలోనే ఉంది," అన్నాడు. "తోశాను, రాలేదు అంది. మూడుసార్లు కొట్టాను, మళ్ళీ మూడుసార్లు కొట్టాను అంది. లోపల నీ కుక్కరు కూత విందిట. తర్వాత ఆ కూత తగ్గిందిట. అందుకని ఇంట్లోనే ఉన్నావనుకుందట, వస్తున్నావనుకుందట."

"వాలెస్..."

"ఎవరికీ చెప్పొద్దంది. నాలుగేళ్ళలో ఆరుగురు టీచర్లు వెళ్ళిపోయారు. ఇతనూ పోతే కైలా వాళ్ళకి లెక్కలెవరు చెప్తారంది. సరేనన్నాను."

"హాల్లో... నీకు అప్పటికే తెలుసా?"

వాలెస్ కనుబొమలెత్తాడు.

మాస్టారు ఏడ్చేశాడు. సీసాని గుండెకి హత్తుకుని, యాభై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా వెక్కాడు. "ఇప్పుడే వెళ్తాను. హెర్మన్ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను. గడియ ఉంది, పెట్టెలో ఉంది, చూపిస్తాను. నీ పని నీకు ఇప్పిస్తాను..."

వాలెస్ ముక్కు ముడిచాడు.

"నువ్వు చెప్తావనే ఆ రోజు చూశాను," అన్నాడు. "నువ్వు చెప్తే అమ్మ మాట నేను తప్పినట్టు కాదు కదా అనుకున్నాను. ఇప్పుడు చెప్తే నీకు తేలికవుతుంది. అంతే. నాకక్కర్లేదు." చేతికి తొడుగు వేసుకున్నాడు. "సోమవారం బడికి వెళ్ళు. అమ్మ అడిగింది అదొక్కటే."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ట్రక్కు లేదు, చేతిలో రైఫిలు లేదు. రోడ్డు మధ్యన, అటూ ఇటూ చూసుకుంటూ, నడిచి వెళ్ళాడు. బయటి తలుపు తీసే వదిలేశాడు. మంచుపొడి లోపలికి కొట్టుకొచ్చి బియ్యం బస్తా మీద పడుతోంది.

మాస్టారు లోపలి గడప మీద కూలబడ్డాడు. ఒళ్ళో సీసా ఉంది. నిండు సీసా. ఖాళీ అయ్యాక, ఇందులో ఏం పోసి ఎవరి గుమ్మంలో పెట్టాలో ఆయనకి తెలియలేదు.

పొయ్యి మీద రెండో విజిల్ వచ్చింది, మూడోది వచ్చింది. లేచి మంట తగ్గించాలి. ఆయన లేవలేదు. తెరిచి ఉన్న రెండు తలుపుల్లోంచి ఆ కూత రోడ్డు మీదకి వెళుతూనే ఉంది.